ఇరవై ఒకటో సంతకం

మార్పును చిరునవ్వుతో స్వీకరించాలని ఉపన్యసించేవారిని నా ఉద్యోగ జీవితంలో ఎందరినో విన్నాను. వారిలో ఒక్కరైనా బడిలో రొటీన్ వేసినవారు కారు.

కలకత్తా బడులలో టైంటేబుల్‌ను రొటీన్ అంటారు. పెద్ద తెల్ల అట్ట మీద తరగతులను వరుసలుగా, పీరియడ్లను నిలువు గళ్ళుగా గీసి, ప్రతి గడిలోనూ ఆ పాఠం చెప్పేవారి పొడి అక్షరాలు వేస్తాము. నియమాలు రెండే. ఏ గడీ ఖాళీగా ఉండరాదు. ఏ మనిషీ ఒకే వేళకు రెండు గడులలో ఉండరాదు. వినడానికి చిన్నపిల్లల ఆటలాగే ఉంటుంది. ఇరవై ఇద్దరు ఉపాధ్యాయులు. ఒకరు మోకాళ్ళ నొప్పితో మేడ ఎక్కలేరు, మరొకరి లోకల్ రైలు మొదటి పీరియడ్‌కు ఏనాడూ అందదు, ఇంకొకరికి నాలుగో పీరియడ్ దాటితే గొంతు పోతుంది. ఇవన్నీ కలుపుకుని ఒకసారి వేసి చూడండి. నేను గణితం చెప్పేవాడిని. పందొమ్మిది సంవత్సరాలు ఆ అట్టను పెన్సిలుతో, స్కేలుతో, రబ్బరుతో నేనే వేశాను.

"బాగానే ఉంది", "చాలామంది", "ఈమధ్య" అనే మాటలు నా దగ్గర చెల్లవు. ఎంత బాగుంది? ఎంతమంది? ఏ తేదీన? అంకెను, తేదీని తప్ప మరొక సాక్షిని నేను నమ్మను. అయినా ఇక్కడ తేదీలు రాయడం లేదు, పేర్లూ రాయడం లేదు. తేదీ రాస్తే బడి తెలిసిపోతుంది. బడి తెలిస్తే మనుషులు దొరికిపోతారు. వారాలు మాత్రం రాస్తాను. అవి సరైనవే.

నిరుడు వేసవి సెలవులకు కొన్ని వారాల ముందు, ఒక గురువారం, మూడో పీరియడ్ నడుస్తుండగా తీర్పు వచ్చింది. ఒకానొక ఎంపికలో నియమితులైన ఉపాధ్యాయుల, సిబ్బంది ఉద్యోగాలన్నీ రద్దు. ఎంపికలో అక్రమాలు జరిగాయి; అక్రమంగా వచ్చినవారిని, సక్రమంగా వచ్చినవారిని పూర్తిగా విడదీసే దారి లేదు; కనుక అందరూ పోవలసిందే. లెక్క సరిగా దాచి భద్రపరచి ఉంటే విడదీయవచ్చును. దాచలేదు. నా కోపం అక్కడ మొదలైంది. ఒక్క విద్యార్థి జవాబు పత్రం పోగొట్టిన ఉపాధ్యాయుడిని నిలబెట్టి సంజాయిషీ అడిగే వ్యవస్థ మాది. అన్ని పత్రాలూ లేకుండా పోయినప్పుడు ఆ సంజాయిషీ ఎవరు, ఎవరిని అడిగారో నాకు ఇప్పటికీ తెలియదు.

మా బడిలో ఆ తీర్పు కిందికి వచ్చినవారు ఇద్దరు. ఒకరు భౌతిక శాస్త్రం చెప్పే యువతి. రెండోవాడు ఉదయం గదుల తాళాలు తీసి, పీరియడ్ పీరియడ్‌కూ గంట కొట్టే ప్యూను.

ఆ యువతి తెలుగు పిల్ల. బెంగాలీ మాధ్యమపు బడిలో తెలుగు మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే. ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి నగరపాలక సంస్థలో వీధులు ఊడ్చే పనిలో చేరాడు. తండ్రిదీ అదే పని. వాళ్ళ క్వార్టర్ల వరుసలో తరగతి గదిలో నల్లబల్ల పక్కన నిలబడి జీతం తీసుకున్న మొదటి మనిషి ఆమే. మా నాన్న లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పదిమందిలో ఆమె నన్ను "స్యార్" అనేది. మేమిద్దరమే ఉంటే "మాస్టారూ" అనేది. తెలుగు ఆమెకు ఇంటి మాటే గాని చదువు కాదు. అచ్చులో చూస్తే కూడబలుక్కుంటుంది.

ఆ గురువారం ఆమె పన్నెండో తరగతికి కటకాల పాఠం ముగించుకుని, చేతిలో కుంభాకార కటకంతో స్టాఫ్ రూములోకి వచ్చింది. అప్పటికి చరిత్ర ఉపాధ్యాయుడు ఫోను చూసి వార్త పైకి చదువుతున్నాడు. నలభై దాటిన మనిషి. గొంతు పెద్దది, మనసు మెత్తన, సమయపాలన శూన్యం. ఆమెను చూసి నోరు మూసుకున్నాడు.

"ఏటైంది మాస్టారూ? అందరూ నన్నే సూస్తన్నారేటి?" అంది నాతో, తెలుగులో.

నేను ఫోను ఆమెకు అందించాను. చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. కటకాన్ని దూది పరిచిన దాని పెట్టెలో పెట్టి మూత వేసింది.

"ఐదో పీరియడ్ నాదే కదా?"

"నీదే."

"అయితే వెళ్తాను. సాయంత్రం దాకా రొటీన్ మార్చకండి."

ఆమె వెళ్ళింది. ఆ పూట అన్ని గంటలూ సరిగ్గా మోగాయి. ప్యూనుకు కూడా వార్త తెలుసు. ఆఖరి గంట కొట్టి, సుత్తిని తన స్టూలు మీద పెట్టి, తాళపు చెవుల గుత్తిని హెడ్ స్యార్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

సోమవారం నాటికి అట్ట మీద ఆమె ఇరవై నాలుగు గడులూ అక్షరాలతోనే ఉన్నాయి; మనిషి లేదు. ఇలాంటప్పుడు మేము చేసే పనిని ప్రొవిజనల్ అంటారు. రాని ఉపాధ్యాయుడి పీరియడ్‌ను ఆ వేళ ఖాళీగా ఉన్నవారికి ఒప్పజెప్పి, స్టాఫ్ రూము తలుపు పక్కన ఉన్న చిన్న నల్లబల్ల మీద సుద్దతో రాస్తాను. దాని ఆయుష్షు ఒక్క రోజు. సాయంత్రం తుడిచేస్తాము. అట్ట మారదు. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి. మా బడిలో ఇరవై మంది చదువుకున్నవారు గుర్తుంచుకోలేదు.

గంటకు మాత్రం ప్రొవిజనల్ అనేది ఎన్నడూ లేదు. మొదటి వారం హెడ్ స్యారే కొట్టారు. తరువాత వంతులు వేసుకున్నాము. చరిత్ర ఉపాధ్యాయుడి వంతు వచ్చిన రోజున నలభై నిమిషాల నాలుగో పీరియడ్ నలభై ఏడు నిమిషాలు నడిచింది. ఏడు నిమిషాలు ఏమైనాయని అడిగాను. స్టాఫ్ రూములో నన్ను అందరూ దాదా, అంటే అన్నా, అని పిలుస్తారు.

"దాదా, మూడు వందల సంవత్సరాల మొఘలులను రెండు వారాల్లో ముగించేవాడిని. ఏడు నిమిషాలకు నన్ను ఉరి తీస్తారా?"

"మొఘలులు మధ్యాహ్న భోజనం కోసం వరుసలో నిలబడి లేరు. ఆరో తరగతి పిల్లలు నిలబడి ఉన్నారు."

"అరే బాబా! మీ గుండె కూడా పీరియడ్ ప్రకారమే కొట్టుకుంటుందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ ఏడు నిమిషాలూ ఐదో పీరియడ్ నుంచి కోసినవి. ఐదో పీరియడ్ నాది.

పదిహేను రోజులలోపే మరో ఆదేశం వచ్చింది. ఏ మచ్చా లేదని తేలిన ఉపాధ్యాయులు తాత్కాలికంగా పాఠాలు చెప్పుకోవచ్చు. ఈలోగా జరిగే కొత్త ఎంపిక పరీక్ష మళ్ళీ రాయాలి. ఆమె తిరిగి వచ్చింది. ప్యూనుకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఆదేశంలో ఉపాధ్యాయులని ఉంది. గంట కొట్టేవారని లేదు.

"ఒకసారి రాసి గెలిసిన పరీక్షే మాస్టారూ," అంది ఆమె తిరిగొచ్చిన రోజున, మెట్ల దగ్గర. "మళ్ళీ రాసి నేను దొంగని కానని సూపించాలంట. దొంగ కానోడికి పరీక్షేటి?"

జవాబు లేని ప్రశ్న మీద నాకు కోపం వస్తుంది. ఆ కోపంతోనే సెలవులు గడిచాయి.

వానలు పట్టిన తరువాత ఒక బుధవారం ఏడో పీరియడ్ ముగిశాక హెడ్ స్యార్ ఉపాధ్యాయుల సమావేశం పెట్టారు. ఆమెను మాత్రం ప్రయోగశాలలో సామాను లెక్క చూడమని పంపించారు. ఆమె ముందు మాట్లాడితే నొచ్చుకుంటుందట. హెడ్ స్యార్ చెడ్డ మనిషి కారు. ఆ వేసవిలో ఏదో శిక్షణకు వెళ్ళి వచ్చారు. అక్కడ అందరినీ గుండ్రంగా నిలబెట్టి, ఒక దారపు ఉండను ఒకరి మీదికొకరు విసరమన్నారట. అప్పటి నుంచి ఆయన నోట "టీమ్" తప్ప మరో మాట లేదు. మనమంతా ఒక టీమ్, మన టీమ్‌లో ఒకరికి కష్టం వచ్చింది, టీమ్ ఏం చేస్తుంది అని అడిగారు.

చరిత్ర ఉపాధ్యాయుడు లేచి ఒక తీర్మానం పెట్టాడు. ఆమెకు పదకొండు, పన్నెండు తరగతులలో ఆరేసి చొప్పున పన్నెండు పీరియడ్లున్నాయి. పరీక్ష ముగిసేదాకా వాటిని మనం పంచుకుందాం. ఆ వేళలో ఆమె చదువుకుంటుంది. రసాయన శాస్త్రానికి ఆరు, గణితానికి నాలుగు, భూగోళానికి రెండు. సోమవారం నుంచి రొటీన్ మార్చేద్దాం. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. చేతులు లేచాయి. లెక్కపెట్టాను. హెడ్ స్యార్‌తో కలిపి ఇరవై. ఆమె అక్కడ లేదు. లేవని చెయ్యి ఒకటే, నాది.

"రొటీన్ మార్చడానికి వీల్లేదు," అన్నాను.

నేను చెప్పవలసింది క్రమంగా చెప్పాను. పదకొండో తరగతి మొదలైన తరువాత రొటీన్‌ను విద్యాశాఖ కార్యాలయానికి పంపుతాము. వాళ్ళు మనుషులను చూడరు, గడులు లెక్కపెడతారు. భౌతిక శాస్త్రానికి ఇరవై నాలుగు ఉంటే ఆ పోస్టు ఉంటుంది. పన్నెండే కనిపిస్తే, ఈ బడికి ఈ పోస్టు అక్కరలేదని మరో బడికి తరలిస్తారు. అప్పుడు ఆమె పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నా ఇక్కడ చేరడానికి కుర్చీ ఉండదు. ఆమె తండ్రి తెల్లవారకముందే చెత్తబండితో బయలుదేరే మనిషి. తల్లికి ఆరోగ్యం బాగులేదు. ఏ దూరపు జిల్లాకో వేస్తే ఆమె వెళ్ళగలదా? మీరు ఇవ్వబోతున్నది విశ్రాంతి కాదు, బదిలీ.

"దాదా, మీ దగ్గర లెక్కలున్నాయి, గుండె లేదు," అన్నాడు చరిత్ర ఉపాధ్యాయుడు.

"గుండె సంగతి తరువాత. మీరు చెయ్యి ఎత్తి ఉంచింది అర నిమిషం. రేపు ఆరో పీరియడ్‌లో ఎత్తండి."

"ఛీ ఛీ, మీ తెలుగు అమ్మాయే కదా!"

"అందుకే," అన్నాను. ఆ మాట వారికి అర్థం కాలేదు, చెప్పడం నాకు రాలేదు. చివరకు నేను పెట్టిన షరతు ఒకటే. అట్ట ముట్టుకోను. సహాయం చేయదలిస్తే ప్రొవిజనల్‌గా చేయండి. రోజూ ఉదయం బల్ల మీద పేర్లు నేను రాస్తాను. ఆమె అక్షరాలు అట్ట మీద అలాగే ఉంటాయి. తలలు ఊపారు. హెడ్ స్యార్ కూడా ఊపారు. ఊపిన తలలు అంకెలు కావని నాకు తెలిసి ఉండవలసింది.

మొదటి వారం పన్నెండు పీరియడ్లకూ మనుషులు దొరికారు. రెండో వారం తొమ్మిదింటికి. మూడో వారం ఐదింటికి. ఆ ఐదులో నాలుగు నావే. ఒకరికి పంటి నొప్పి. ఒకరికి బ్యాంకు పని. అందరికంటే పెద్ద గొంతుతో తీర్మానం పెట్టినవాడు బల్ల మీద తన పేరున్న గురువారం ఆరో పీరియడ్‌లో వీధి మలుపున మట్టి ముంతలో టీ తాగుతూ కనిపించాడు. భూగోళం చెప్పే దీదీ పన్నెండో తరగతిలోకి వెళ్ళి, "నిశ్శబ్దంగా చదువుకోండి" అని ఒక మాట చెప్పి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నలభై మంది పిల్లలు నలభై నిమిషాలు విద్యుత్తు గురించి నిశ్శబ్దంగా ఏం నేర్చుకున్నారో విచారణ సంఘం వేసినా తేలదు.

ఆ సాయంత్రమే ఆమె నన్ను కింద గంట దగ్గర పట్టుకుంది.

"మాస్టారూ, నేనేటి మంచాన పడ్డానా?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు. అందరూ సేస్తన్నారు. నా క్లాసుకెళ్తే నా కుర్చీలో వేరేవాళ్ళు. 'నువ్వెళ్ళి సదువుకోమ్మా' అని బుజం తడతన్నారు. ఒక్కరైనా నన్నడిగేరా, నీకేటి కావాలని? మీరడిగేరా?"

అడగలేదు. ఇప్పుడు అడిగాను.

"పేపర్లు దిద్దండి," అంది, ముందే తయారుగా ఉన్నట్టు. "నాలుగు క్లాసుల యూనిట్ టెస్టు కట్టలు ఇంట్లో ఉన్నాయి. మాది ఒక్క గది. కట్టలు పెడితే పుస్తకం పెట్టడానికి సోటు లేదు. గంట వంతులోంచి నా పేరు తీసెయ్యండి. పరీక్ష హాల్లో కాపలా డ్యూటీలు తీసెయ్యండి. క్లాసు మాత్రం తియ్యకండి. కోర్టూ గీర్టూ నాకు గుర్తు రానిది ఆ ఒక్క సోటే."

మరునాడు ఉదయం ప్రొవిజనల్ బల్ల మీద ఒక్క పేరూ రాయలేదు. స్టాఫ్ రూము మధ్య నిలబడి ఆమె అడిగినవి చెప్పాను. పదకొండో తరగతి కట్ట రసాయన శాస్త్రం ఆయన తీసుకున్నారు, పన్నెండు నేను, తొమ్మిది, పది జీవశాస్త్రం దీదీ. కాపలా డ్యూటీలు భూగోళం దీదీ తీసుకుంది. ఏమీ చెప్పనక్కరలేని పని ఆమెకు సరిగా సరిపోయింది. అది మెచ్చుకోలుగానే అంటున్నాను. గంట వంతు అడగకుండానే చరిత్ర ఉపాధ్యాయుడు లేచి సుత్తి పట్టుకున్నాడు.

"నేను ఫిజిక్స్ పేపరు దిద్దితే ఐన్‌స్టీన్ కూడా ఫెయిలవుతాడు దాదా. నాకు ఇనుమే మేలు."

ఆనాటి నుంచి వారానికి ఆరు రోజులూ అతనే కొట్టాడు. ఆలస్యం ఏడు నుంచి మూడు నిమిషాలకు దిగింది. మూడు కూడా తప్పే. రోజూ చెప్పాను. రోజూ "సరే దాదా" అన్నాడు. పేపర్ల మీద నలుగురం ఒకే బల్ల చుట్టూ కూర్చున్న రోజులున్నాయి. దారపు ఉండ ఎవరూ తేలేదు.

ఇదిలా నడుస్తుండగా, ఒక శుక్రవారం హెడ్ స్యార్ కబురు పంపారు. ఆయన ముందు ఒక ముద్రిత కాగితం, దాని పక్కన కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరం. కాగితం మా బడి రొటీన్. నా చేతి గీతలు కావు. కంప్యూటరులో టైపు చేయించినది. పదకొండు, పన్నెండు తరగతుల వరుసల్లో ఆమె అక్షరాలు లేవు.

"ఇది ఎక్కడిది?"

"మీటింగులో అందరూ ఒప్పుకున్నదే కదా దాదా," అన్నారు ఆయన, నా కళ్ళలోకి చూడకుండా. "టైపు చేయించి పంపాను. రేపు ఎవరైనా తనిఖీకి వచ్చి, ఆ పిల్ల తన క్లాసులో లేదేమని అడిగితే ఆమెకే ముప్పు కదా. ఆమె కోసమే."

ఉత్తరంలో ఉన్నది నేను బుధవారం సమావేశంలో చెప్పినదే. భౌతిక శాస్త్రానికి వారానికి పన్నెండు పీరియడ్లే ఉన్నందున ఆ పోస్టును అదనపుదిగా ఎందుకు పరిగణించకూడదో ఏడు రోజుల్లో తెలుపవలెను.

నేను బడిలో గొంతు పెంచిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కించవచ్చు. ఆ రోజు నా గొంతు మేడ మీద ప్రయోగశాల దాకా వినిపించిందట. అక్రమం చేసినవాళ్ళు ఒకసారి ఆమె ఉద్యోగం తీశారు, మీరు ప్రేమతో రెండోసారి తీస్తున్నారు అన్నాను. వాళ్ళు లెక్క భద్రపరచలేదు, మీరు తప్పు లెక్క పంపారు. రెంటికీ తేడా చూపించండి అన్నాను. తలుపు దగ్గర స్టాఫ్ రూము మొత్తం చేరింది. హెడ్ స్యార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు.

కార్యాలయానికి ఫోను చేశారు. సవరణకు అవకాశం ఉందని చెప్పారట. అయితే తప్పుడు రొటీన్ ఎలా వచ్చిందో రాతపూర్వకంగా చెప్పాలి. ఉపాధ్యాయులందరూ ఏకగ్రీవంగా అనుకుని చేసిన తాత్కాలిక ఏర్పాటు పొరపాటున వచ్చిందని, దాన్ని ఏకగ్రీవంగానే వెనక్కి తీసుకుంటున్నారని అందరి సంతకాలతో రాస్తే అంతటితో సరి. ఎవరైనా వ్యతిరేకించి ఉంటే, వ్యతిరేకించినా పంపినందుకు విచారణ జరుగుతుంది. విచారణ ముగిసేదాకా పోస్టు సంగతి పక్కన పెడతారు.

శనివారం మధ్యాహ్నానికి కాగితం తయారైంది. ఆమెను మినహాయిస్తే మేము ఇరవై ఒక్కరం. ఇరవై సంతకాలు పడ్డాయి. కాగితం పట్టుకుని చరిత్ర ఉపాధ్యాయుడు నా బల్ల దగ్గరికి వచ్చాడు. గదిలో ఉన్నవారు ఏదో ఒకటి చదువుతున్నట్టు కూర్చున్నారు.

"దాదా."

చదివాను. "ఉపాధ్యాయులమందరం ఏకగ్రీవంగా."

"నేను చెయ్యి ఎత్తలేదు."

"తెలుసు."

"'ఇరవై మంది' అని దిద్దండి. ఇప్పుడే సంతకం చేస్తాను."

"దిద్దితే విచారణ, దాదా. పరీక్ష పై నెలలో."

"అంటే మీ ఇరవై మంది తప్పును కప్పడానికి నేను అబద్ధం రాయాలి. పందొమ్మిదేళ్ళలో ఒక్క గడిలో తప్పు అక్షరం వేయనివాడిని."

అతను ఎప్పటిలా జోకు వేస్తాడనుకున్నాను. వేయలేదు. నా ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీరు చెప్పిందే నిజమని ఈ బడిలో ఇరవై మందికీ తెలుసు. కావాలంటే అందరం లేచి నిలబడి చెప్తాం. ఆ నిజాన్ని మీ దగ్గర ఉంచుకోండి దాదా. సంతకం మాకివ్వండి."

మేడ మీద నాలుగో పీరియడ్ నడుస్తోంది. శనివారం నాలుగో పీరియడ్ పన్నెండో తరగతికి భౌతిక శాస్త్రం. అట్ట చూడనక్కరలేదు, ఆ గడి నేను వేసినదే. ఆమె గొంతు కిటికీలోంచి కిందికి వస్తోంది. బెంగాలీలో ఎవరినో గదమాయిస్తోంది: "ఊహించి చెప్పకు, కొలిచి చెప్పు!"

కలం తీశాను. నాకు కోపం తగ్గలేదని, తగ్గినట్టు ఎవరూ అనుకోవద్దని ముందుగా చెప్పాను. ఇరవై ఒకటో వరుసలో సంతకం చేశాను. పక్కన తేదీ వేయడానికి చోటు వదిలి ఉంది. నేను చేసిన ప్రతి సంతకం కింద, ఉత్తరం అందుకున్నట్టు వేసిన పొడి సంతకం కింద కూడా, తేదీ ఉంటుంది. దీని కింద వేయలేదు. హెడ్ స్యార్ వేసుకున్నారు.

సవరణ అంగీకరించారు. పోస్టు నిలిచింది. దుర్గా పూజ సెలవులకు ముందు ఒక ఆదివారం ఆమె పరీక్ష రాసింది. సోమవారం మొదటి గంటకు ముందే బడిలో ఉంది.

"ఎలా రాశావు?"

"ఏమో మాస్టారూ."

"ఏమో అనేది అంకె కాదు."

నవ్వింది. ఎన్ని ప్రశ్నలు, ఎన్ని రాసింది, ఎన్నింటిలో సందేహం, అన్నీ చెప్పింది. లెక్క వేసి, ఫరవాలేదన్నాను. నా నోట ఆ మాట విని చరిత్ర ఉపాధ్యాయుడు సుత్తి పట్టుకుని వచ్చి, "దాదా ఫరవాలేదన్నారంటే ఫస్టు ర్యాంకే, సందేశ్ మిఠాయి తెప్పించండి" అని కేకలు పెట్టాడు. ఈ గోలలో మొదటి గంట నాలుగు నిమిషాలు ఆలస్యమైంది.

ఈ కథ మంచిగా ముగిసిందని వీడ్కోలు సభలో హెడ్ స్యార్ అన్నారు; మన టీమ్ గెలిచిందన్నారు. ఆ సభ సంవత్సరాంతాన నా పదవీ విరమణకు పెట్టినది. నేను ఆ మాటకు తల ఊపలేదు. ఆమె కోసం ఒక సమావేశం, ఒక తీర్మానం, ఇరవై ఒక్క సంతకాలు అయినాయి. గంట కొట్టేవాడి కోసం ఎవరు చెయ్యి ఎత్తారు? పూజకు ముందు ఒక సమావేశంలో ఈ ప్రశ్న అడిగాను. ఆదేశంలో లేడు, మనమేం చేస్తాం అన్నారు. అతను ఇప్పుడు సంత్రాగాఛి స్టేషను బయట పళ్ళు అమ్ముతున్నాడని ఎవరో అన్నారు. ఎవరో అన్న దాన్ని నేను నమ్మను, వెళ్ళి చూశాను. నిజమే. నన్ను చూసి నమస్కారం చేసి, "స్యార్, ఇప్పుడు గంట ఎవరు కొడుతున్నారు?" అని అడిగాడు. చెప్పాను. "ఆయనా!" అని తల పట్టుకున్నాడు.

కొత్త సంవత్సరపు రొటీన్ వేసి ఇవ్వమని, తరువాతి నుంచి చరిత్ర ఉపాధ్యాయుడు నేర్చుకుంటాడని హెడ్ స్యార్ కోరారు. గోడ అట్ట వేశాను. ఆమె అక్షరాలు ఇరవై నాలుగు గడులలోనూ వేశాను. తరువాత అన్నింటి కిందా ఒక వరుస అదనంగా గీశాను. ఎడమ పక్కన "గంట" అని రాశాను. ఆ వరుసలో ఏమీ వేయలేదు.

నా భుజం మీదుగా చూస్తున్న చరిత్ర ఉపాధ్యాయుడు, "దాదా, ఈ గడులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ ఉండకూడదని మీరే కదా అంటారు? నా అక్షరాలు వేయనా?" అన్నాడు.

"వేయకు. ఆ గడులలో ఉన్నది ఖాళీయే," అన్నాను.

రబ్బరు, స్కేలు, పెన్సిలు అతని చేతిలో పెట్టాను. అట్ట అడుగున సంతకం చేసి, ఈసారి తేదీ వేశాను.